పుత్తూరులో చెవిన పెట్టని మాట

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. నేను పాము అంటే మా ఆవిడ వానపాము అని సర్దుకుంటుంది. మీరూ అలాగే కానివ్వండి. నిన్న మా బావ, అంటే అక్క మొగుడు, మా ఇంట్లో కాఫీ గ్లాసు ఎత్తుతుంటే ఆయన కుడి మణికట్టు టక్కుమంది. ఆ చప్పుడు తిరుపతి బస్టాండు దాకా వినపడే ఉంటుంది.

బావది నగరిలో చేతిమగ్గం. పోగును అటూ ఇటూ మోసే నాడె ఆయన కుడిచేత్తో తాడు లాగితేనే పరుగెడుతుంది. చాన్నాళ్ల కిందట ఒకరోజు నా బండి వెనక కూర్చుని వస్తుంటే, పుత్తూరులో ఏనుగంత గేదె అడ్డమొచ్చింది. నేను బ్రేకు వేశాను. బావ అరచెయ్యి నేలకు ఆనించి పడ్డాడు. చూస్తుండగానే మణికట్టు సొరకాయంత అయింది. దేశమంతా ఎముకలు విరగ్గొట్టుకుని బస్సెక్కి పుత్తూరు వస్తుంది. మేం నేరుగా ఆ ఊళ్లోనే విరగ్గొట్టుకున్నాం.

కట్టు కట్టే పెద్దాయన కళ్లు మూసుకుని, మణికట్టంతా వేళ్లతో తడిమాడు. పసరు పూసి, బద్దలు పెట్టి, గుడ్డ చుట్టాడు. "ఎముక అతుక్కుంటాదబ్బా. అయితే లోపల రెండెముకల్ని పట్టుకోనుండే నరం తెగినట్టుండాది. దానికి నా కట్టు సాలదు. ఈరోజే తిరపతికి పోండి" అన్నాడు.

బయటికొచ్చాక, "కట్టు పడినాది కదా, ఇంగ తిరపతి ఎందుకప్పా? ఇంటికి పోదాం పా" అన్నాడు బావ. వెళ్లిపోయాం. మా వైపు పుత్తూరు కట్టు పడిందంటే ఇక ఆ చేతి సంగతి ముగిసినట్టే. చాలదని కట్టినాయనే చెప్పినా నమ్మం.

మూడు వారాలకు వాపు తగ్గింది గానీ, ఆ చెయ్యి మంచినీళ్ల చెంబు కూడా ఎత్తలేకపోయింది. అప్పుడు పరుగెత్తాం తిరుపతికి. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసింది. "ఇక్కడ చిన్నెముక ఒకటి విరిగింది. దాన్ని పక్కెముకతో కలిపే నరం తెగి, రెండూ దూరం జరిగినాయి. ఇన్నాళ్లూ ఏం చేస్తా ఉండారు?"

బావ నేల చూశాడు. నేను ఫ్యాను చూశాను.

"ఈ సేత్తోనే నాడె ఇసరాలమ్మా. ఇసరతానా?" అన్నాడు బావ.

"తీగలు గుచ్చి, నరం కుట్టి నిలబెడతాను. ఎముకకు మాటిస్తాను. నరానికి ఇవ్వలేను, ఆలస్యమైపోయింది."

"అవునమ్మా. తెగిన పోగైనా అంతే. ఎంటనే ముడెయ్యకపోతే కొసలు దొరకవు."

ఆపరేషను రెండు గంటలు పట్టింది, నా లెక్కలో రెండు యుగాలు. తీగలు తీసి, నెలల తరబడి చెయ్యి వంచే వ్యాయామాలు చేయించి, డాక్టరమ్మ సరేనన్న రోజున అందరం మగ్గం చుట్టూ నిలబడ్డాం. బావ మగ్గం కింది గుంటలోకి దిగి తాడు లాగాడు. నాడె సగంలో ఆగిపోయింది. అక్క గోడకు ఆనుకుంది. మళ్లీ లాగాడు. మణికట్టు టక్కుమంది. నాడె అవతలికి చేరింది.

"నాడె అవతలికి పోయినాది మే" అన్నాడు అక్కతో, కళ్లు తుడుచుకుంటూ.

ఇప్పుడు మునుపటిలో సగమే నేస్తాడు. ఆ చెయ్యి వెనక్కి పూర్తిగా వంగదు.

గేదెనూ సొరకాయనూ మీరీపాటికే తగ్గించుకుని ఉంటారు. అవి పెంచినవే గానీ, పూర్తిగా కల్పించింది ఒక్కటే. పుత్తూరులో ఇంటికి పోదామన్నది బావ కాదు, నేను. "పెద్దాయన సెప్పినాడు కదా, పోయొద్దాం" అనే అన్నాడాయన. నాకు ఆ సాయంత్రం పెళ్లి విందు ఉంది. ఆ సంగతి బావ ఇంతవరకు అక్కతో కూడా అనలేదు. దేన్నయినా పెంచగలను గానీ, ఆ మూడు వారాల్లోంచి ఒక్కరోజైనా తగ్గించడం నావల్ల కావడం లేదు.