రెండడుగులు తెగిన టేపు

నాకు సివిల్ డిప్లొమా చేతికొచ్చిన ఏడాది మా బావ తిరువళ్ళూరు దగ్గర ఒక గ్రౌండు స్థలం కొన్నాడు. గ్రౌండంటే రెండువేల నాలుగువందల చదరపుటడుగులు; పొడవు అరవై, వెడల్పు నలభై అని కాగితంలో ఉంది. ఇల్లు కట్టే ఉద్దేశం ఆయనకు లేదు. ధరలు నెలనెలా పెరుగుతున్నాయని అక్క నగలు తాకట్టు పెట్టి మరీ కొన్నాడు.

స్థలాలమ్మే ఆసామి కరపత్రంలో మూడు మాటలున్నాయి. ఒకటి, స్టేషను నుంచి పది నిమిషాలు. నేను గడియారం చూసుకుంటూ నడిచాను, ముప్పై నాలుగు నిమిషాలు. రెండు, మంచినీళ్ళ బావి. బావి ఉంది, నీళ్ళు ఉప్పు. మూడు, సరైన కొలతలు. నా స్టీలు టేపుతో కొలిస్తే యాభై ఎనిమిది, ముప్పై ఎనిమిది. మళ్ళీ కొలిచాను. అంతే. నూటతొంభై ఆరు చదరపుటడుగులు లేనే లేవు.

కారణం ఆసామి గుడ్డ టేపులో దొరికింది. మొదటి రెండడుగులు తెగిపోతే, రెండో అంకె దగ్గర ఇత్తడి రింగు కుట్టించి, దాంతోనే ఆ స్థలాలన్నీ కొలిచాడు. మండిపడుతూ వెళ్ళి బావకు చెప్పాను.

“గమ్మునుండరా ఇంజినీరూ. నేనేమన్నా ఆడ ఇల్లు కడతానా? అమ్మేటప్పుడూ ఆ టేపే గదా!”

తాకట్టు మీద వడ్డీ రెండుసార్లు పెంచారు. బావ అమ్మక తప్పలేదు. తిరుత్తణి నుంచి ఒక నేతగాడు భార్యతో వచ్చాడు. మగ్గాల చప్పుడు భరించలేమని అద్దె ఇంటివాళ్ళు ఖాళీ చేయమన్నారట. మూడు మగ్గాలు పక్కపక్కనే పట్టాలని, నలభై అడుగుల వెడల్పును ముందే లెక్కవేసుకున్నాడు.

బావ ఆసామి దగ్గర తెచ్చిన గుడ్డ టేపు నా చేతిలో పెట్టాడు.

“ఈ అయ్య సదివినోడంట గదా. ఈయన పట్టుకుంటే మేము చూసే పనే లేదు” అన్నాడు నేతగాడు.

ఆ మాటతో నాకు బావ మీద ఒళ్ళు మండింది. టేపు కింద పడేసి, సంచిలోంచి నాది తీశాను. ముప్పై ఎనిమిది.

“రెండడుగులు యాడికి పోయినాయి సామీ?”

“యాడికి పోతాయి, రోడ్డుకు పోయింటాయి” అన్నాడు బావ.

“రోడ్డు ఆ పక్క గదా!” అంది అతని భార్య. “మరి మూడో మగ్గం యాడెయ్యాల? మీ నెత్తినా?”

తగ్గినంత మేరకు ధర తగ్గించమన్నారు. బావ ఒప్పుకోలేదు. వాళ్ళు బస్సెక్కి వెళ్ళిపోయారు.

మరుసటి వారం మద్రాసు నుంచి ఒకాయన వచ్చాడు. కారు దిగకుండా, అద్దం దించి చూసి, ఎక్కువ ధరకే కొన్నాడు. నగలు ఇంటికొచ్చాయి.

“చూసినావా? ఆయన టేపే అడగలేదు!” అని బావ నవ్వాడు. నేను ఆ పూట వాళ్ళింట్లో అన్నం తినలేదు.

కొన్నాళ్ళకు తిరుత్తణి బస్టాండులో నేతగాడు కనిపించాడు. ఇంకో అద్దె ఇల్లు, ఒకే మగ్గం. మిగిలిన రెండూ విప్పి అటక మీద పెట్టాడట. ఆ స్థలం ధర ఇప్పుడెంతని అడిగాడు. చెప్పాను.

“రెండడుగులు పోతే పోయినాయని ఆ దినమే తీసుకొనుంటే బాగుండు సార్.”

పొరపాటు చేశానన్న మాట తప్పు చేసినవాళ్ళలో ఒక్కడూ అనలేదు. అది అతనే అనాల్సి వచ్చినందుకు నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.