పద్నాలుగు పేజీల రిపోర్టు

మా కాలేజీలో ప్రాజెక్టు రిపోర్టును చదవరు, తూకం వేస్తారు. ఎగతాళికి అనడం లేదు. ఎలక్ట్రికల్ హెచ్‌ఓడీ గారు బైండింగ్ చేసిన పుస్తకాన్ని అరచేతిలో పెట్టుకుని, రెండుసార్లు పైకీ కిందికీ ఊపి, "పర్లేదు, బాగానే చేశారు" అనడం కళ్లారా చూశాను. లోపల ఏముందో ఆయనకు అక్కర్లేదు. నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, అరవైకి తగ్గకుండా పేజీలు ఉంటే చాలు, ఆ పిల్లలు ఇంజనీర్లు అయిపోయినట్టే.

నేను నరసరావుపేట దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పదహారేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. టెక్నికల్ రైటింగ్ పేపరు నాదే. ఉన్నది ఉన్నట్టు, చదివేవాడికి అర్థమయ్యేట్టు ఎలా రాయాలో నేర్పడం నా ఉద్యోగం. ఫైనలియర్ రిపోర్టుల్లో భాష సరిచూశానని సంతకం పెట్టడం కూడా నా నెత్తినే ఉంది. ఈ రెండు పనులూ ఒకే ఒరలో ఇమడవని చేరిన ఏడాదే తెలిసిపోయింది.

లీవు లెటర్ల సంగతే చూడండి. మిరప కోతల రోజుల్లో మా క్లాసులు సగం ఖాళీ. తిరిగొచ్చాక అందరి లెటర్లలోనూ జ్వరమే. మిరప ఘాటుకి చేతులు మండుతుంటాయి, కాగితం మీద మాత్రం జ్వరం. ఒకసారి ఒళ్లు మండి, నిజం రాయండిరా అన్నాను. ముగ్గురు రాశారు, కూలీలు దొరక్క మా చేలో కోతకు వెళ్లామని, చక్కటి రెండు వాక్యాల ఇంగ్లీషులో. ఆఫీసువాళ్లు ఆ ముగ్గురి లెటర్లనే వెనక్కి పంపారు. జ్వరం వాళ్లందరికీ లీవు ఇచ్చేశారు.

రిపోర్టులదీ అదే దారి. గేటుకి ఎదురుగా ఒక జిరాక్సు షాపు ఉంది. దాని యజమాని నెమ్మదస్తుడు, నన్ను చూస్తే లేచి నిలబడతాడు. ఆయన కంప్యూటర్లో బ్రాంచీల వారీగా, ఏళ్ల వారీగా పాత రిపోర్టులన్నీ ఉంటాయి. పిల్లలు మెట్టెక్కగానే "ఏ బ్రాంచమ్మా? సోలారా, సెన్సారా?" అంటాడు, హోటల్లో ఇడ్లీనా దోశా అని అడిగినట్టు. పేర్లు మార్చి, సంవత్సరం మార్చి, అట్ట వేసి సాయంత్రానికల్లా చేతిలో పెడతాడు. ఆయన మీద నాకు కోపం లేదు. అడిగింది ఇస్తున్నాడు. అడగమని పంపేవాళ్ల మీదే నా కోపమంతా.

రెండేళ్ల కిందట ఎలక్ట్రికల్ ఫైనలియర్ అమ్మాయి ఒకతె స్టాఫ్ రూముకి వచ్చి, "రిపోర్టు సొంతంగా రాసుకోవచ్చా మేడం?" అని అడిగింది. అన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఇంకెవరూ అడగలేదు. వెల్దుర్తి దగ్గరి పిల్ల, హాస్టల్లో ఉండేది. దేని మీద రాస్తావు అన్నాను.

"మా బాబాయికి పొలంలో బోరు మోటారు స్టార్టర్ డబ్బా దగ్గర షాకు కొట్టింది మేడం. బతికాడు గానీ కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయినయ్. మా ఊళ్లో అందరూ అట్టానే తడి చేతుల్తో డబ్బా తీస్తారు. కంపెనీవాళ్లిచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటది, ఎవరు చదువుతారు? చానామందికి ఎర్తు వైరు కూడా లేదు. దాని మీద రాద్దామని."

మూడు నెలలు శనివారం శనివారం బస్సెక్కి ఊరెళ్లింది. ఆ బాబాయే ఆమెను పొలాలన్నీ తిప్పి, ప్రతి డబ్బా తెరిపించి చూపించాడట. రైతుకు తెలియక కాదు ప్రమాదం, తొందర వల్ల, అని ఆయనే చెప్పాడట. కరెంటు ఉన్న ఆ కాసేపట్లోనే నీళ్లు పారాలి, మెయిన్ ఆపి మళ్లీ వేసే ఓపిక ఎవరికుంటది, అని. ఆమె ఆ మాటను నేరుగా రిపోర్టులో పెట్టింది. నేను నాలుగుసార్లు దిద్దించాను, నాలుగుసార్లూ విసుక్కోకుండా తిరగరాసింది. చివరికి పద్నాలుగు పేజీలు తేలాయి. అందులో ఆఖరి పేజీ తెలుగులో, డబ్బా తలుపు లోపల అంటించుకోవడానికి, చేత్తో గీసిన బొమ్మతో. "ముందు మెయిన్ ఆపు. ఆపాననుకుంటే చాలదు, టెస్టర్ పెట్టి చూడు" అని మొదలవుతుంది. ఆ పేజీని బాబాయి చేత పైకి చదివించి, ఆయన ఎక్కడ ఆగాడో అక్కడల్లా మాట మార్చిందట. ఆ పద్ధతి నేను క్లాసులో చెప్పలేదు, తనకే తోచింది. నా ఉద్యోగం మీద నాకు గౌరవం కలిగిన రోజు అది.

హెచ్‌ఓడీ గారు దాన్ని అరచేతిలో పెట్టుకున్నారు. ఊపడానికి బరువు లేదు.

"పద్నాలుగు పేజీలేంది మేడం? శుభలేఖకి ఎక్కువ, రిపోర్టుకి తక్కువ. పైగా తెలుగు పేజీ ఒకటి. ఎక్స్‌టర్నల్ చూస్తే నవ్విపోతాడు."

"చదవండి సార్. చదివాక తక్కువైందని చెప్పండి" అన్నాను.

"చదివేదానికేంది, తనిఖీవాళ్లు వస్తున్నారు, అన్నీ ఒక్క తీరున ఉండాలి. ఆ అమ్మాయిని సీనియర్ల సోలార్ రిపోర్టు సాఫ్ట్‌కాపీ తీసుకోమనండి. లేకపోతే వైవాకి పంపను. మీది ఇంగ్లీషు మేడం, ఇది టెక్నికల్."

మనుషులు చావకుండా ఎలా ఉండాలో రాస్తే అది టెక్నికల్ కాదట. పోనీ ఆ పద్నాలుగు పేజీలూ సాఫ్ట్‌కాపీ వెనక కలపనివ్వండి అని అడిగితే, సోలార్ పుస్తకంలో స్టార్టర్ డబ్బాకి ఏం పని అన్నారు. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్తే, సర్దుకుపొండమ్మా అన్నారు. సర్దుకుపోవడమనేది ఈ ఊళ్లో మాకు జీతంతో పాటు ఇచ్చేది.

వైవాకి మూడు రోజులుంది. అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి ఉంది, డిగ్రీ చేతికి రాకపోతే అది పోతుంది. వరండాలో నిలబడి నా మొహంలోకే చూస్తోంది. కొట్లాడదాం అంటానని ఎదురుచూసిందేమో. నేను అన్నది ఇది: "ముందు గట్టెక్కమ్మా. తర్వాత చూద్దాం." ఆ మాట హెచ్‌ఓడీ గారు అనలేదు, ప్రిన్సిపాల్ గారు అనలేదు. నేనన్నాను.

మర్నాడు అరవై ఎనిమిది పేజీల సోలార్ రిపోర్టు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మొండితనం కొద్దీ మొదటి అక్షరం నుంచి చదివాను, అన్నేళ్లలో మొదటిసారి. కృతజ్ఞతల పేజీలో, తన చదువుకు అండగా నిలిచిన భర్తకూ, అత్తమామలకూ, మూడేళ్ల కొడుక్కీ ధన్యవాదాలు చెప్పి ఉంది. ఈ పిల్లకు పెళ్లే కాలేదు. లైబ్రరీకి వెళ్లి పాత రిపోర్టులు తీశాను. వరసగా మూడేళ్లు, నలుగురేసి మీసాలొచ్చిన కుర్రాళ్లు తమ భర్తకూ అత్తమామలకూ ధన్యవాదాలు చెప్పుకున్నారు. ప్రతి పుస్తకంలోనూ భాష సరిచూసినట్టు కింద సంతకం ఉంది. అది నాదే. నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. ఊళ్లోవాళ్లను తిడుతూ తిరిగినదాన్ని, నా చేతిరాత నేనే చూసుకోలేదు.

ఆ వాక్యం కొట్టించాను. మళ్లీ సంతకం పెట్టాను.

వైవాకి బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన పెద్దమనిషి ఆ పుస్తకాన్ని తిరగేసి, సోలార్ ప్యానెల్ ఏ దిక్కుకి పెట్టాలని ఒక ప్రశ్న అడిగి, భోజనానికి లేచాడు. అమ్మాయికి మంచి మార్కులొచ్చాయి.

హాస్టల్ ఖాళీ చేసే రోజు నాకు చెప్పి వెళ్దామని వచ్చింది. భుజాన సంచి, చేతిలో ఆ నల్ల అట్ట పుస్తకం. సొరుగులోంచి పద్నాలుగు పేజీలూ తీసి, ఇవి నీవి, తీసుకెళ్లు అన్నాను. తీసుకుని, మడత పెట్టకుండా సంచిలో జాగ్రత్తగా పెట్టుకుంది.

"ఇయ్యి ఎట్టాగూ ఇస్తా మేడం. కానీ మా బాబాయి అడిగేది ఈ పుస్తకం. పొద్దున్నే ఫోన్ చేశాడు. నేను చెప్పిందంతా అందులో ఏశావంటగా, అదెక్కడుందో చీటీ పెట్టి తీసుకురా, ఊళ్లో నలుగురికీ చూపిచ్చాలి అన్నాడు."

పుస్తకం నా బల్ల మీద పెట్టి తెరిచింది. కోపంగా లేదు, ఏడవడం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"చీటీ ఏ పేజీలో పెట్టమంటారు మేడం?"

అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు రాయాలని ఏళ్ల తరబడి చెబుతున్నదాన్ని. పుస్తకాన్ని నా వైపు తిప్పుకుని, నా సంతకం ఉన్న పేజీ తీశాను.