ఐదో పాట తర్వాత వచ్చే బూర

ఐదో పాట అయిపోయింది. ఆరో పాట మొదలైపోయింది. మధ్యలో రావాల్సింది రాలేదు.

ఫోన్లో వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ఐదో పాట చివర గిటారు టక్కున ఆగుతుంది. వెంటనే ఒక ఆడగొంతు గోల్డ్ లోన్ కావాలా అని అడుగుతుంది. ఆ తర్వాత ఆరో పాట. నాకు లోన్ అక్కర్లేదు తల్లీ, నా బూర ఎక్కడుందో చెప్పు అని పైకే అనేశాను.

వంటగదిలోంచి మా ఆవిడ కేకేసింది. "ఏటండీ, వచ్చిందా మీ పాట?"

పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టాను ఆమెకి ఈ పాట గురించి చెప్పడం. దొరకనీ, వినిపిస్తాను, నువ్వే ఒప్పుకుంటావు అంటూ వచ్చాను. ఆ పోరు పడలేకే మొన్న నా పుట్టినరోజుకి చిన్న స్పీకరు కొనిచ్చింది. పక్కింటి కుర్రాణ్ణి పిలిచి ఆ పాటుండే ఆల్బమ్ ఫోన్లో వెతికి పెట్టించింది కూడా ఆమే.

"రాలేదు," అన్నాను.

"రాదు. మీకు కలొచ్చుంటది."

కోపం నషాళానికంటింది. ఇరవై ఏళ్లుగా గుండెల్లో పెట్టుకున్న పాటని పట్టుకుని కల అంటే ఎవడికి మండదు?

సంగతి మొదట్నుంచీ చెప్పాలి. నేను డిగ్రీ విశాఖపట్నంలో చదివాను. హాస్టల్లో నా గదిలో ఉండేవాడి అన్నయ్య ఓడల్లో పనిచేసేవాడు. సెలవుకి వస్తూ ఒక సీడీ తెచ్చాడు. ఇది స్కా పంక్ అన్నాడు. అదేదో తినే వస్తువు పేరనుకున్నాను. విన్నాక మతిపోయింది. గిటారు పరుగో పరుగు. తాళం పడాల్సిన చోట పడదు, ఆ పక్కన పడుతుంది. దాని మీద ట్రంపెట్లు, శాక్సోఫోను. మా చోడవరంలో పెళ్లి ఊరేగింపుకి వచ్చే బ్యాండ్ మేళం వాళ్లని వెనకనుంచి ఎవరో తరుముతున్నట్టుంది. పదిమందిమి మంచాలెక్కి గెంతాం. ఏ పాట తర్వాత ఏది వచ్చిందో ఎవడికి తెలుసు?

ఆ శనివారం సీడీ బతిమాలి తెచ్చుకున్నాను. మా ఇంట్లో సీడీ ప్లేయరు లేదు, టేప్ రికార్డరుంది. బస్సు దిగి తిన్నగా రికార్డింగ్ షాపుకి పోయాను. అప్పట్లో ఖాళీ క్యాసెట్టు కొనిచ్చి, కావలసిన పాటలు చెప్తే షాపువాడు ఎక్కించి ఇచ్చేవాడు. పొద్దున్న ఇస్తే సాయంత్రానికి చేతికొచ్చేది. నా సీడీ ఒకటి రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసి, సరే పో అన్నాడు.

సాయంత్రం క్యాసెట్టు తెచ్చుకుని ఇంట్లో పెట్టుకుని విన్నాను. ఒకటో పక్క, ఐదో పాట తర్వాత, అది వచ్చింది. మాటల్లేవు, గిటారు లేదు. రెండు బూరలు. ఒకటి ముందు నడుస్తుంది, రెండోది కాస్త ఆగి దాన్ని అందుకుంటుంది, మళ్లీ వెనకబడుతుంది. వెనక డప్పులు, ఎక్కడో పటాసులు. అంత గోల మధ్యలో అది మాత్రం తొందరేమీ లేకుండా నడిచేది. ఈ బ్యాండువాళ్లు తమ ఊరి వీధిలో నిలబడి ఊదుతూ రికార్డు చేశారు కాబోలు అనుకున్నాను. ఆ వీధి ఎలా ఉంటుందో, ఆ పటాసులు ఏ పండక్కో, ఊహించుకుంటూ పడుకునేవాణ్ణి. రెండో ఏడు రెండు సబ్జెక్టులు పోయి ఇంట్లో ముఖం చూపించలేక మేడ మీదే పడున్న వేసవి ఒకటుంది. ఆ వేసవిలో నన్ను కిందికి దింపి అన్నం తినిపించింది ఆ రెండు నిమిషాల బూరే. ఇది అతిశయోక్తి కాదు.

ఆ క్యాసెట్టు ఏమైందంటారా? చెప్తే మళ్లీ కోపమొస్తుంది. ఉద్యోగమొచ్చి రోలుగుంట బడిలో చేరిన మొదటి ఏడు, టేప్ రికార్డరు పాడైంది. క్యాసెట్లన్నీ అట్టపెట్టెలో పెట్టి అటక మీద ఉంచాను. వరి గింజ పట్టే రోజుల్లో మా చిన్నాన్నకి పిట్టల బెడద ఎక్కువైంది. పెట్టె దింపాడు. రీళ్లన్నీ లాగి, చేను చుట్టూ కర్రలు పాతి కట్టేశాడు. నేను ఆదివారం వెళ్లేసరికి చేనంతా గోధుమరంగు రీలు ఎండకి మెరుస్తూ గాలికి జుయ్యిమంటోంది.

"ఏటిది చిన్నాన్నా!" అని అరిచాను.

"నువ్వు ఇనవు కదరా. పిట్టలైనా ఇంటాయి," అన్నాడు, మంచి పని చేసినవాడి ధీమాతో.

సరే, అది పోయింది. ఆల్బమ్ ప్రపంచంలో ఎక్కడో ఉంటుంది కదా అని ధైర్యంగా ఉన్నాను ఇన్నాళ్లూ. ఇప్పుడది ఫోన్లోకే వచ్చింది. వచ్చి ఏం లాభం?

మిగతా పాటలు విన్నాను, న్యాయంగా చెప్పాలి కదా. అప్పుడు మాటలు సగం కూడా అర్థమయ్యేవి కావు, అందుకే అంత బాగున్నాయని ఇప్పుడు తెలిసింది. పాడేవాడికి ఇరవై దాటి ఉండవు. వాడి ఊరు వాడికి నచ్చలేదు, నాన్న నచ్చలేదు, పని నచ్చలేదు. నలభై మూడేళ్ల వయసులో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పి ఇంటికొచ్చి ఈ సణుగుడు వినాలా అనిపించింది. మూడో పాటకి మాత్రం కాలు దానంతటదే ఆడింది. ఆడినందుకు దాని మీదా కోపమొచ్చింది.

ఆ ఆల్బమ్ కింద అభిమానులు రాసుకునే చోట, నాకొచ్చిన ఇంగ్లీషులో, ఐదో పాట తర్వాత ఉండే బూరల పాటని ఎందుకు తీసేశారని అడిగాను. అలాంటిది ఎప్పుడూ లేదని ఒకడు రాశాడు. తన దగ్గర మొదట విడుదలైన సీడీయే ఉందని, అందులోనూ లేదని ఇంకొకడు. మూడోవాడు నవ్వే బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎక్కడో కూర్చుని మా ఆవిడ పక్షం చేరిపోయారు.

ఇక మిగిలింది ఆ రికార్డింగ్ షాపువాడు. షాపు అక్కడే ఉంది. ఇప్పుడు ఫోన్ కవర్లు, సీసీ కెమెరాలు అమ్ముతున్నాడు. జుట్టుకి రంగేశాడు.

"అన్నయ్యా, ఒక క్యాసెట్టు గురించి అడగాలి," అన్నాను.

"క్యాసెట్టా? ఏ కాలంలో ఉన్నావు తమ్ముడూ?" అని నవ్వేడు. ఇంగ్లీషు సీడీ, బూరలు అనగానే నవ్వు ఆపి నన్ను పరకాయించి చూశాడు. "బూరలున్న ఇంగ్లీషు సీడీ ఒక్కడే తెచ్చేడు. ఆ గుంటడివి నువ్వేనా?"

"నేనే. ఐదో పాట తర్వాత ఒకటుంటది. అదేటి?"

"ఏటుంటది? రీలు మిగిలిపోయుంటది. ఇంకో పాట పట్టదు. కాళీగా వదిలీస్తే మీరు ఊరుకునేవోరా? డబ్బులు క్యాసెట్టంతటికీ తీసుకున్నావు, సివర కాళీ ఉంచీసేవని కొట్లాటకొచ్చీవోరు. అందుకే మిగిలిందాంట్లో ఏదోటి ఏసీవోణ్ణి. భక్తి పాటలోడికి భక్తి పాట, సినిమా పాటలోడికి సినిమా పాట. నీదేమో బ్యాండ్ మేళమాయె."

"బ్యాండ్ మేళం కాదన్నయ్యా. స్కా పంక్."

"ఏదైతే ఏటి, బూరలున్నాయా లేదా? మా సెల్లి పెళ్లిలో మనూరి మేళం ఊదితే నేనే రికార్డు చేసేను. అది ఏసేను. మేచింగు కుదిరింది కదా?"

మెచ్చుకుంటానేమోనని చూస్తున్నాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. ఏ దేశపు వీధో అని ఊహించుకున్నది మా ఊరి వీధి. ఆ పటాసులు ఈయన చెల్లెలి పెళ్లివి.

"ఆ పెళ్లి క్యాసెట్టుందా?"

"బూజు పట్టీసింది. షాపు మార్చినప్పుడు పారీసేం. మా సెల్లే అడగలేదు, నీకెందుకు?"

ఊదినవాళ్లెవరని అడిగాను. ముందు బూర ఊదినాయన ఇంకా ఉన్నాడని, గోవాడ రోడ్డులో టెంట్ హౌస్ దగ్గర కూర్చుంటాడని మాత్రం చెప్పాడు. రెండో బూర ఊదినాయన ఎప్పుడో పోయాడట.

ఆదివారం పొద్దున్న వెళ్లాను. ఎర్ర కుర్చీల వరసల మధ్య, తలకి తువ్వాలు చుట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. పెళ్లిళ్లకి డీజేలు వచ్చాక మేళం చెదిరిపోయిందట. ఇక్కడ కుర్చీలు, వంటపాత్రలు కాపలా కాస్తున్నాడు. సంగతంతా చెప్పాను.

"బూర అమ్మీసేను బాబూ," అన్నాడు. "ఉన్నా ఊదలేను. సూడు," అని నోరు తెరిచి చూపించాడు. ముందు పళ్లు లేవు. "పెదవి ఆనడానికి ఎనక పన్నుండాలి కదా."

"పోనీ ఆ పాటేటో గుర్తుందా బాబాయ్? రికార్డింగ్ షాపాయన చెల్లెలి పెళ్లి."

తలకున్న తువ్వాలు సర్దుకున్నాడు. "ఆ పెళ్లా? పెళ్లికొడుకు కారు దారిలో ఆగిపోనాది. జనం ఇసుక్కుంటన్నారు. మాకొచ్చిన పాటలన్నీ అయిపోనాయి. అప్పుడేదో ఊదుంటాం. ఇద్దరం అలాగే, నోటికొచ్చింది ఊదీవోళ్లం. దానికి పేరేటుంటది?"

"నేను పాడితే గుర్తుపడతారా?"

"పాడు, సూద్దాం."

నాకు పాట రాదు. శ్రుతి అంటే ఏమిటో నా గొంతుకి తెలియదు. అయినా గొంతు సవరించుకున్నాను. సరిగ్గా అప్పుడే చెరుకు ట్రాక్టరొకటి పెద్ద బాక్సులో సినిమా పాట మోగిస్తూ వచ్చింది. దాని వెనక ఇంకొకటి, ఇంకో పాటతో. అవి పోయేదాకా పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను. ఆయన మాత్రం ఆ పాటలకి తలూపుతూ విన్నాడు.

అప్పుడు కూనిరాగం తీశాను. ముందు బూర, ఆ తర్వాత అందుకునే రెండో బూర, రెండూ నేనే. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. తొడ మీదున్న వేళ్లు కదులుతాయేమోనని చూశాను. కదల్లేదు.

"బాగుంది బాబూ," అన్నాడు కళ్లు తెరిచి. "ఎవరిదేటిది?"

"మీదే బాబాయ్. మీరు ఊదిందే."

"నాదా?" చిగుళ్లు కనబడేలా నవ్వేడు. "నాదైతే నాకు తెలీదేటి?"

"మీదే," అన్నాను. గొంతు పెరిగిపోయింది. ఆ పెద్దాయన మీద అరవడానికి నేనెవణ్ణి, అయినా అరిచాను. "మీదే. మీరు, ఆ పోయినాయన, ఇద్దరూ కలిసి ఊదేరు. నేను వినీ వినీ అరగదీసేను. ఇంకెవరిదీ కాదు."

ఆయన కోప్పడలేదు. అలిగిన పిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు నా చెయ్యి తట్టాడు.

"సర్లే బాబూ, నాదే. ఇంకోపాలి పాడు, నేర్సుకుంటాను."

మళ్లీ ఎత్తుకున్నాను. ముందు బూర నడిచింది. రెండోది అందుకోవాల్సిన చోటికి వచ్చేసరికి అక్కడేముందో నాకు తట్టలేదు. వెనక్కెళ్లి మొదట్నుంచి తీశాను. మళ్లీ అక్కడే ఆగిపోయాను. ఇందాక వచ్చిందే, ఇప్పుడు రావడం లేదు. ఆయన తువ్వాలు విప్పి ఒళ్లో పెట్టుకుని, చెవి నావైపు తిప్పి, ఎదురు చూస్తూ కూర్చున్నాడు.