చెంపతో చూసే మేస్త్రి

ఇనుముకు రంగు వేసే ముందు ఆ మేస్త్రి దానికి చెంప ఆనించేవాడు. ఏళ్ల తరబడి తుప్పు గీకి గీకి చేతులు మొద్దుబారాయట, చెమ్మ సంగతి చెంపకే తెలుస్తుందట.

హసన్‌పర్తి చెరువు దగ్గర కట్టిన ఒక హాస్టల్‌కు నేను సైట్ ఇంజినీర్‌ని. మర్నాడే ప్రారంభం. మెట్ల రెయిలింగ్‌కు ఇంకా రంగు పడలేదు. నా ఫోన్ ఆగకుండా మోగుతోంది. మేస్త్రి మాత్రం చెంప ఆనించి చూసి, డబ్బా మూత తీయకుండా కూర్చున్నాడు.

"మంచు పట్టింది సార్. జర ఎండ రానియ్యుండ్రి."

"రేపు పెద్దసార్లు వస్తాండ్లు మేస్త్రీ! గుడ్డతోని తుడిచి కొట్టు."

"తుడిస్తే పోదు సార్. రంగు కింద దాసుకొని పొక్కులు లేపుతది."

నాకు ఒళ్లు మండింది. బ్రష్ లాక్కుని పై అంతస్తు రెయిలింగంతా నేనే కొట్టేశాను. అతను అడ్డు రాలేదు. ఎండెక్కాక కిందిదంతా తను వేశాడు.

రెండో వానాకాలం దాటేసరికి కింద రంగు చెక్కుచెదరలేదు. పైన మాత్రం అంతా పొక్కులే. పిల్లలు ఆనుకుని నిలబడే చోట ఒక కడ్డీ అతుకు తుప్పుపట్టి ఊగుతోంది. వెంటనే మేస్త్రికి ఫోన్ చేశాను.

వచ్చి, ఒక పొక్కును గోటితో నొక్కాడు. ఎర్రటి నీటిబొట్టు జారింది.

"ఆ పొద్దుటి మంచే సార్."

అతుకు వెల్డింగ్ చేయించి, తుప్పంతా మెరిసే ఇనుము తేలేదాకా గీకించాడు. మర్నాడు పొద్దున ప్రైమర్ డబ్బా తెరవబోతూ ఆగి, పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

నేను వంగి రెయిలింగ్‌కు చెంప ఆనించాను.

"ఎట్లున్నది సార్?"

"ఇంకా ఆరలే."

ఇద్దరం మెట్ల మీద కూర్చుని ఎండ కోసం చూశాం.