ఆరు కిలోల లోపు ఒక గుడారం

రాజమండ్రి డాక్టరు గారు నా నడుము ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, వీపు మీద ఆరు కిలోలకు మించి మోయొద్దన్నారు. ఆయన ఉద్దేశం అసలు మోయొద్దని. నేను మాత్రం ఆరు కిలోల దాకా మోయొచ్చని తీసుకున్నాను. ఈ తేడా గురించి ఆయనతో చర్చించలేదు. బయట ఇంకా ఇరవై మంది కూర్చుని ఉన్నారు.

అప్పటికే నా స్నేహితుడు మన్యం కొండల్లో నాలుగు రోజుల నడక ఖాయం చేసేశాడు. వాడూ నేనూ కాలేజీలో కలిసి చదువుకున్నాం. ఇప్పుడు వాడు అదే కాలేజీలో ఫిజిక్సు చెబుతున్నాడు. పగలంతా నడక, చీకటి పడ్డచోట పడక. ఎవరి గుడారం వాళ్ళే మోసుకోవాలి. నా నడుము సంగతి విన్నాక నా తరఫున కూడా వాడే నిర్ణయం తీసుకున్నాడు.

"నువ్వు జీపులో వచ్చెయ్‌రా. బియ్యం, గిన్నెలూ ఎలాగూ రోడ్డు మీదే వస్తాయి. వాటికి తోడు ఎవరో ఒకరుండాలి కదా."

"గిన్నెలకి తోడా?"

"మంచి గిన్నెలేరా."

అంతకు ముందు రెండు నడకలకీ నేను గిన్నెలతోనే వెళ్ళాను. సాయంత్రం అందరూ బురద కాళ్ళతో దిగొచ్చి, దారిలో చూసిన జలపాతం గురించి మాట్లాడుకుంటుంటే, పప్పు ఉడికిందో లేదో చెప్పడం నా వంతు. మూడోసారి కూడా పప్పు సంగతులే చెప్పాల్సి వస్తే ఇక కొండల మాట మర్చిపోవడం మంచిదనిపించింది. ఈసారి నడిస్తే నడిచినట్టు, లేదంటే మళ్ళీ ఎప్పటికీ వెళ్ళేది లేదని నాలో నేనే తీర్మానించుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. సంతోషిస్తారు.

ఆ రోజు నుంచి కుదురు లేదు. వంటింటి త్రాసు ముందుగదిలోకి వచ్చింది. దుప్పటి, ఒక జత బట్టలు, నీళ్ళసీసా, టార్చిలైటు, మందులు, కింద పరుచుకునే పట్టా, సంచీ అన్నీ కలిపి నాలుగు కిలోల తొమ్మిదొందలు తూగాయి. అంటే నెత్తి మీద కప్పుకు మిగిలింది పదకొండొందల గ్రాములు. మళ్ళీ తూచాను. త్రాసు మాట మార్చలేదు.

మా ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఒక ఉదయం బాత్రూములోంచి కేకేసింది.

"ఏవండీ, మీ బ్రష్షుకి పిడి ఏదండీ?"

"కోసేశాను. ఎనిమిది గ్రాములు."

"మీరే ఒక మూడు కిలోలు తగ్గొచ్చు కదండీ?"

డాక్టరు గారి లెక్క వీపు మీది బరువుకే గానీ వీపుకు కాదని వివరించాను. ఆవిడ పూర్తిగా వినకుండానే స్కూలుకు వెళ్ళిపోయింది.

ఆఫీసులో ఫైలు కింద ఫోను పెట్టుకుని గుడారాలు చూసేవాణ్ణి. కిలో లోపు తూగేవాటి ధర నా నెల జీతం దాటిపోయేది. నా జీతానికి లొంగేవి మూడు కిలోలుండేవి. 'ఇద్దరికి సరిపోతుంది' అని రాసినదాని కొలతలు మా మంచం మీద పరిచి చూస్తే, ఆ ఇద్దరూ కొత్తగా పెళ్ళయినవాళ్ళయి ఉండాలని తేలింది. ఒకాయన అయిదు నక్షత్రాలిచ్చి, 'చాలా బాగుంది, ఇంకా విప్పలేదు' అని రాశాడు. ఇంకొకాయన, ఒంటిపొర గుడారంలో మన ఊపిరే చల్లబడి తెల్లారేసరికి నీటిబొట్లై మీద రాలుతుందని హెచ్చరించాడు. రెండుసార్లు ఆర్డరు పెట్టి, రెండుసార్లూ మధ్యాహ్నానికల్లా రద్దు చేశాను. అటెండరు నాకేదో కోర్టు గొడవ ఉందనుకున్నాడు.

చివరికి ఒకటి అర్థమైంది. బరువంతా ఊచల్లో, జిప్పుల్లో, రెండో పొరలో ఉంది. కొండల్లో చెట్లకు కొదవ లేదు. రెండు చెట్ల మధ్య తాడు కట్టి, దాని మీద నీరు దిగని గుడ్డ వేసి, నాలుగు మూలలూ నేలకు లాగి కడితే అదే గుడారం. గాలి ఆడుతుంది కాబట్టి ఊపిరి బెడదా లేదు. దోమల సంగతి తర్వాత చూసుకోవచ్చు. వాటికి నేను అలవాటే.

మా తణుకులో అలాంటి గుడ్డ కావాలంటే మొదట గుర్తొచ్చేది ధాన్యం మీద కప్పే బరకాలమ్మే కొట్టు. నేను వెళ్ళిన రోజే బంగాళాఖాతంలో అల్పపీడనం. కళ్ళాల్లో ధాన్యం వదిలేసి వచ్చిన రైతులు కొట్టు ముందు తోసుకుంటున్నారు. వాళ్ళ వెనక నిలబడి, నా అవసరం ఏమిటో పైకి చెప్పడానికి కాస్త సిగ్గేసింది. నా వంతు వచ్చింది.

"ధాన్యం ఎన్ని బస్తాలండి?" అన్నాడు కొట్టాయన.

"ధాన్యం కాదండి. నాకే."

ఆయన నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. "మీరొక బస్తా ఉంటారు. పెద్దది అక్కర్లేదండి."

"పెద్దదే కావాలండి, కానీ బరువుండకూడదు. ఒక తొమ్మిదొందల గ్రాములు."

"బరకమా అండి, తువ్వాలా?"

వెనక రైతులు ఆ కంగారులోనూ నవ్వారు. నా వల్ల జరిగిన మేలు అదొక్కటే. కొట్టాయన నవ్వలేదు. వానకోట్లకు వాడే పల్చటి గుడ్డ తన దగ్గర లేదనీ, వెనక వీధిలో షామియానాలు కుట్టే పెద్దాయన దగ్గర ఒక ముక్క మిగిలి ఉంటుందనీ చెప్పి, తర్వాతి మనిషిని పిలిచాడు.

పెద్దాయన దగ్గర గుడ్డ ఉంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, మూలల్లోనూ అంచుల మధ్యలోనూ తాడు దూరే ఉచ్చులు, అంతే, ఇంకేమీ వద్దని బొమ్మ గీసి ఇచ్చాను. బరువు పెరగకూడదని మూడుసార్లు చెప్పాను. ఆయన మూడుసార్లూ తలూపాడు. నాలుగో రోజు వెళ్ళేసరికి గుడ్డ చుట్టూ ఎరుపూ పసుపూ కుచ్చులు వేలాడుతున్నాయి.

"ఇవేంటండీ?"

"కుచ్చులండి."

"నేను చెప్పలేదు కదండీ."

"మీరు మర్చిపోయారనుకున్నానండి. వీటికి డబ్బులు తీసుకోనులెండి. కుచ్చుల్లేని పందిరి చావింటి ముందు వేస్తారండి. మీరేమో కొండలకెళ్తున్నారు."

ఆ ముఖం చూశాక విప్పేయమని అడగలేకపోయాను. ఇంటికొచ్చి తూచితే తాళ్ళతో కలిపి పన్నెండొందల నలభై. మొత్తం ఆరు కిలోల నూట నలభై. నడకకు అయిదు రోజులే ఉన్నాయి.

ఆదివారం చర్చి నుంచి రాగానే మేడ మీద నీళ్ళట్యాంకుకీ బట్టలారేసే ఇనుప స్తంభానికీ మధ్య కట్టి, లోపల పడుకుని వాన కోసం చూశాను. మూడింటికి అది రానే వచ్చింది. పక్క మేడ మీద బట్టలు తీస్తున్న ఆవిడ ఆగిపోయి, మా బట్టలు తీయడానికి పైకొచ్చిన మా ఆవిడని పలకరించింది.

"ఏంటండీ, ఫంక్షనా? మాకు ఒక్క మాటైనా చెప్పలేదు!"

"ఫంక్షను కాదండి. మా ఆయన."

గాలివాటు వైపు మోకాళ్ళ దాకా తడిశాను. ఆ వైపు తాడు నేలకు దగ్గరగా లాగి కట్టాక చుక్క రాలేదు. అరగంట అలాగే ఉన్నాను. నడుము ఏమీ అనలేదు, పడుకునే ఉన్నాను కాబట్టి. వాన తగ్గాక మా ఆవిడ కత్తెర పట్టుకుని వచ్చింది. నన్నేమీ అడగకుండా చుట్టూ కత్తిరించుకుంటూ పోయింది. నేను ఇంకోవైపు చూశాను. కుచ్చులు నూట తొంభై గ్రాములు. మొత్తం అయిదు కిలోల తొమ్మిదొందల యాభై.

త్రాసు మీద సంచీ పెట్టి ఫొటో పంపితే స్నేహితుడు నమ్మలేదు. కాలేజీ ల్యాబులోని స్ప్రింగుత్రాసు తెచ్చి, సంచీని మా గుమ్మానికి వేలాడదీసి, వంగి చదివాడు. ఇరవై గ్రాములు ఎక్కువ వచ్చింది. ఏ త్రాసు అబద్ధమాడుతోందో అరగంట చెప్పి, చివరికి జీపులో నా చోటు ఉల్లిపాయల బస్తాకి కేటాయించాడు.

మొదటి రోజు రెండు గంటలు ఎక్కాక మా కాలిబాట తారురోడ్డును దాటింది. సరిగ్గా అక్కడే జీపు కనబడింది. అప్పటికి గంటసేపుగా నా నడుము నాతో విడిగా మాట్లాడుతోంది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఎక్కుతారా అండి?"

"వద్దండి," అన్నాను.

మా వైపు మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దనడం మొహమాటం. మూడోసారి అడిగితే, మీరు ఇంతగా చెబుతున్నారు కాబట్టి, అని ఎక్కుతాం. కాఫీకైనా భోజనానికైనా బండికైనా అదే వరస. అందుకని సంచీ పట్టీ సర్దుకుంటున్నట్టు కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ డ్రైవరుది కొండ ఊరు. వద్దంటే వద్దనే అనుకునే మనిషి. సరేనండి అని గేరు వేశాడు. మలుపు దగ్గర బండి ఒక్క క్షణం నెమ్మదించింది. అది మలుపు కాబట్టే.

"ఏరా, ఎక్కేద్దామనుకున్నావా?" అన్నాడు స్నేహితుడు.

"లేదురా. ఉల్లిపాయలు ఎలా ఉన్నాయో చూద్దామని."

వాడు అవతలి గట్టెక్కి చెట్లలోకి నడిచాడు. జీపు చప్పుడు వినబడకుండా పోయేదాకా ఆగి, నడుము పట్టీ ఇంకొక మెట్టు బిగించి, నేనూ రోడ్డు దాటాను.