అలలు లేని చోటు

కళ్ళద్దాల షాపులో ముందు గది అంతా వెలుగు, మర్యాదలు, బేరాలు. వెనక గదిలో ఆమె, గిర్రున తిరిగే సానరాయి, దాని మీద సన్నగా పడే నీళ్ళధార. అద్దాన్ని ఫ్రేము కొలతకు అరగదీసి, అంచు వేలితో తడిమి చూసుకుని, చీమ తలకాయంత స్క్రూ బిగించి ముందుకు పంపేది. ఆ కళ్ళజోడు పెట్టుకుని ఎవరు ఏం చూశారో ఆమెకు తెలిసేది కాదు. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి ఏళ్ళు గడిచాయి. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పడింది. చివరికి ఆ మాట రావడమే మానేసింది.

తమ్ముడి పిల్లలు ఆమెను అద్దాలత్త అనేవారు.

"అందరికీ అద్దాలు పెడతావు, నీకు లేవేం అత్తా?" అని ఓసారి ఫోనులో చిన్నవాడు అడిగాడు.

"నేను చూడాల్సినవి తక్కువే నాన్నా" అంది నవ్వుతూ.

ఆ వేసవి మొదట్లో తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పిల్లలు సముద్రం సముద్రం అని ప్రాణం తోడేస్తున్నారు. మీ ఊళ్ళో ఉంది కదా! కానీ నీ మరదలికి నీళ్ళంటే హడల్. పిల్లలు ధైర్యంగా దిగే చోటు చూసిపెడితే వారం రోజులు వచ్చి ఉంటాం."

ఇన్నేళ్ళలో వాళ్ళు ఒక్కసారీ రాలేదు. ఫోన్ పెట్టేశాక ఆమె ఆ చిన్న ఫ్లాటంతా కలియతిరిగింది. అటక మీద పరుపులు దింపి బాల్కనీలో ఎండబెట్టింది. పిల్లలు కిటికీ పక్కన పడుకుంటారని, తమ్ముడికీ మరదలికీ మంచం ఇచ్చి తను హాల్లో సర్దుకోవచ్చని అప్పుడే లెక్కలు వేసేసుకుంది.

ఆ ఊళ్ళో ఉంటూ కూడా ఆమె సముద్రాన్ని బస్సు కిటికీలోంచి చూడటమే కానీ కాలు తడిపింది లేదు. ఇక సెలవు వచ్చిందంటే కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు తిరిగింది. ఒక బీచ్‌లో ఇసకలో సీసాపెంకులు. ఇంకోచోట మురుగుకాలువ వచ్చి కలుస్తోంది. మరోచోట రెండడుగులు వేస్తే చాలు, నేల కాళ్ళ కింద నుంచి జారిపోయి నడుము లోతు. ఎక్కడికి వెళ్ళినా చుట్టూ కుటుంబాలే. గొడుగు కింద ఒంటరిగా, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిన ఆడమనిషిని చూసి, "ఫోటో తియ్యాలాండీ?" అని అడిగేవారు కొందరు. "వద్దండీ, ఊరికే చూడ్డానికి వచ్చాను" అనేది.

తెల్ల ఇసక బీచ్ చూడగానే మాత్రం ఆమె ప్రాణం లేచొచ్చింది. పిండి జల్లినట్టు ఇసక. అటూ ఇటూ అలలు విరుగుతున్నాయి కానీ మధ్యలో ఒకచోట అలల్లేవు. నీళ్ళు చెరువులా తేటగా, నిమ్మళంగా ఉన్నాయి. పిల్లలకు ఇదే సరైన చోటనుకుంది. లోతు చూద్దామని పంజాబీ డ్రెస్సు పైకి మడిచి అక్కడే దిగింది.

మోకాళ్ళ వరకు బాగానే ఉంది. తొడల దాకా వచ్చేసరికి కాళ్ళ కింద ఇసక చప్పున కదిలిపోయింది. వెనక్కి తిరిగితే ఒడ్డు దగ్గరకు రావాల్సింది పోయి దూరమవుతోంది. ఎంత నడిచినా అక్కడే, ఎంత చేతులు కొట్టినా వెనక్కే. నోట్లోకి ఉప్పునీళ్ళు పోయాయి. అరిస్తే ఆ హోరులో తన గొంతు తనకే వినిపించలేదు. ఒడ్డున ఎవరో గాలిపటం ఎగరేస్తున్నారు. అటు చూసేవాళ్ళు లేరు.

అలల మీద ఆడుకునే పలక ఒకటి వేసుకుని ఒక కాలేజీ పిల్ల వచ్చి ఆమె చెయ్యి దొరకబుచ్చుకుంది. "ఆంటీ, దీన్ని పట్టుకోండి. ఒడ్డుకేసి కొట్టుకోకండి, ఓపికైపోతుంది. పక్కకి పోదాం, పక్కకి."

పక్కకి పోయారు. అక్కడ అలే వాళ్ళను తోసుకొచ్చి ఇసక మీద పడేసింది. ఆమె దగ్గి, కక్కి, లేచి కూర్చుంది.

"అలలు లేవు కదా, మంచి చోటనుకున్నానమ్మా" అంది.

"అదే ఆంటీ మోసం. వచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. అందుకే అల లేవదు." ఆ పిల్ల తన తువ్వాలు ఆమె భుజాల మీద కప్పింది. "మీ ఇంట్లోవాళ్ళ నంబర్ చెప్పండి, ఫోన్ చేస్తాను."

ఆమె కాసేపు ఆలోచించింది. "వద్దులే తల్లీ, కంగారు పడతారు" అంది.

బస్సులో సీటు తడవకూడదని నిలబడే వెళ్ళింది. భగ్గుమనే ఎండలో నీళ్ళోడుతున్న మనిషిని చూసి కండక్టర్, "వాన మీకొక్కరికే పడిందా అమ్మా?" అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చి తలుపు వేసుకుంది. టీ పెట్టుకుంది, తాగలేకపోయింది. చివరికి తమ్ముడికి ఫోన్ చేసింది.

"చెప్పక్కా, దొరికిందా?" వెనక పిల్లల అల్లరి వినిపిస్తోంది. "పిల్లలు అప్పుడే బకెట్లూ బంతులూ కొనేశారు. నీ మరదలు మాత్రం ఇంకా ఊగిసలాడుతోంది. నువ్వు ఊ అంటే టికెట్లు తీసేస్తా."

నోటి దాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది. "ఇంకో రెండు చోట్లు చూడాలిరా" అంది.

చూసింది. రాళ్ళకట్ట వెనక ఒంపు తిరిగిన చిన్న తీరం ఒకటి దొరికింది. ఎంతదూరం నడిచినా నడుము దాటని లోతు, కనిపెట్టుకుని ఉండే లైఫ్‌గార్డు, హద్దుకి జెండాలు. ఆటుకి ఓసారి, పోటుకి ఓసారి వెళ్ళి దిగి చూసింది. ఆ లైఫ్‌గార్డు ఆమె ప్రశ్నలకు విసిగి, "పరీక్ష రాస్తున్నారా మేడమ్?" అన్నాడు.

వాళ్ళు వచ్చారు. కానీ స్టేషన్‌లో దిగుతూనే తమ్ముడు, "హోటల్లో గది తీసుకున్నాం అక్కా, నీకెందుకు శ్రమ" అన్నాడు. "అలాగేరా, అదే మంచిది" అంది ఆమె. ఇంటికి వెళ్ళి పరుపులు చుట్టి మళ్ళీ అటక మీద పెట్టింది.

మొదటి రెండు రోజులూ పిల్లలు నీళ్ళలోంచి బయటికి రానేలేదు. తమ్ముడికే తోచలేదు. "ఇది సముద్రమా, పళ్ళెంలో పోసిన నీళ్ళా అక్కా?" అని ఎగతాళి చేశాడు.

మూడో రోజు పొద్దున ఆమె తువ్వాళ్ళు, మంచినీళ్ళు పట్టుకుని వెళ్ళేసరికి అక్కడ వాళ్ళు లేరు. ఫోన్ చేసింది.

"హోటల్ వాళ్ళు చెబితే తెల్ల ఇసక బీచ్‌కి వచ్చేశాం అక్కా. నీకు చెబుదామనుకుంటూనే ఉన్నా. ఎంత బాగుందో! మధ్యలో ఒకచోట అలలే లేవు, పిల్లల కోసమే చేసినట్టుంది."

ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. "దించకు! పిల్లల్ని దించకు!"

"ఏమైందక్కా?"

"నేను అక్కడే కొట్టుకుపోయానురా! ఎవరో పిల్ల లాగకపోతే ఈపాటికి లేను. ముందు వాళ్ళని బయటికి లాగు!"

ఫోన్‌లో పరుగు, అరుపులు, తర్వాత పెద్దపిల్ల ఏడుపు వినిపించాయి. ట్యాక్సీ దిగి ఆమె ఇసకలో పడుతూ లేస్తూ వెళ్ళేసరికి నలుగురూ ఒక్కచోట ముద్దగా కూర్చుని ఉన్నారు. పెద్దది మోకాళ్ళ దాకా దిగిందట. చిన్నవాడి బంతి మాత్రం ఆ నిమ్మళమైన నీళ్ళ మీద తనంతట తనే లోపలికి పోతోంది. అందరూ దాన్నే చూస్తున్నారు.

"ఎప్పుడు జరిగింది?" అన్నాడు తమ్ముడు.

"మీరు రాక ముందు."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు రావడం మానేస్తారని."

తమ్ముడు తల వంచుకున్నాడు. మరదలు మాత్రం పిల్లవాణ్ణి ఇంకా గట్టిగా అదుముకుని, "తెలిసుండీ దాచారా వదినా? వీళ్ళకేమైనా అయ్యుంటే?" అంది. ఆమె తన చేతిలో తువ్వాలు పెద్దపిల్ల భుజాల మీద కప్పి అలాగే నిలబడింది. కాసేపయ్యాక మరదలే జరిగి పక్కన చోటిచ్చింది. "కూర్చోండి, పడుతూ లేస్తూ వచ్చారు" అంది.

మిగిలిన రోజులు రాళ్ళకట్ట దగ్గరే గడిచాయి. చిన్నవాణ్ణి నీళ్ళ మీద వెల్లకిలా తేల్చి, వాడి వీపు కింద చెయ్యి పెట్టి నిలబడేది ఆమె. "వదలకత్తా" అనేవాడు వాడు. "వదల్లేదు, ఇదిగో" అనేది.

వెళ్ళాక కొన్నాళ్ళు తమ్ముడు ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "ఎలా ఉన్నావక్కా?" అని అడిగాడు. బడులు తెరిచాక ఎప్పుడో ఒకసారి చేసేవాడు.

ఒక సెలవునాడు ఆమె ఒక్కతే రాళ్ళకట్ట దగ్గరికి వెళ్ళింది. "పిల్లలేరి మేడమ్?" అన్నాడు లైఫ్‌గార్డు. "ఊరెళ్ళిపోయారు" అని చెప్పి, జెండాల మధ్య నుంచి నడుము లోతు దాకా నడిచి నిలబడింది. చుట్టూ వేరేవాళ్ళ పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఎవరి పిల్లో దోసిలితో నీళ్ళు విసిరితే సరిగ్గా ఆమె మొహాన పడ్డాయి.

"సారీ అండీ, చూసుకోలేదు" అంది ఆ పిల్ల తల్లి.

"పర్లేదండీ" అంది ఆమె. ఇంకోసారి విసురుతుందేమోనని అక్కడే నిలబడింది. ఈలోగా ఆ తల్లి పిల్లను తువ్వాల్లో చుట్టి ఒడ్డుకి తీసుకుపోయింది.