చుక్కలు పెట్టి చదివిన కాగితం

ఫాదర్ అవుదామని సెమినరీలో చేరి, మధ్యలోనే ఇంటికొచ్చేసినవాణ్ణి. భక్తి ఎంత మిగిలిందో చెప్పలేను గానీ లాటిన్ మాత్రం మిగిలింది. మస్కట్‌లో, వాడి కబీర్ అనే పేటలో ఒక స్కూల్లో ఆఫీసు పని చేస్తూ, సెలవు రోజుల్లో ఆ లాటిన్‌తోనే కాలక్షేపం చేసేవాణ్ణి. వందల ఏళ్ళ కిందట యూరప్ మఠాల్లో సన్యాసులు చేత్తో రాసిన పుస్తకాల ఫోటోలు ఇంటర్నెట్‌లో పెడతారు. నాలాంటి పనిలేనివాళ్ళు వాటిని చదివి, టైపు చేసి పంపుతారు.

అన్ని మాటలూ చదవడానికి రావు. సిరా వెలిసిపోయి ఉంటుంది, లేదా పురుగు తినేసి ఉంటుంది. అలాంటప్పుడు పనికొచ్చే వెబ్‌సైట్ ఒకటుంది. స్పష్టంగా కనబడే అక్షరాలు టైపు చేసి, కనబడని చోట చుక్కలు పెడితే, అందులో ఇమిడే లాటిన్ మాటలన్నీ వరసగా చూపిస్తుంది. వాక్యానికి పొసగేదాన్ని మనం ఏరుకోవాలి. ఒక్క మాట దగ్గర గంటసేపు కూర్చున్న రోజులున్నాయి. దొరికిందా, ఇక ఆ పూటంతా నన్ను పట్టేవాళ్ళుండరు.

అక్క కూడా మస్కట్‌లోనే నర్సు. బావకి సోహార్‌లో స్టీలు ప్లాంటులో ఉద్యోగం, వారానికోసారి వచ్చేవాడు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి చర్చి కూడా ఆ రోజే, అది అయ్యాక నా భోజనం వాళ్ళింట్లోనే. నేను లాప్‌టాప్ తెరిస్తే అక్క వంటగదిలోంచే కేకలేసేది. "ఎప్పుడో పోయినోళ్ళ రాతలు ఎక్కడికీ పోవురా! చేపల పులుసు చల్లారిపోతంది, రా ముందు."

పోయిన చలికాలం అక్కకి న్యుమోనియా ముదిరింది. గొంతులో గొట్టం వేశారు, మాట లేదు. ఒక మధ్యాహ్నం తెలివిలోనే ఉందని, ఏమన్నా చెప్పాలనుంటే రాయమని నర్సు ఒక అట్టకి కాగితం పెట్టి, పెన్ను చేతికిచ్చింది. బావ అప్పటికి ఇంకా సోహార్ నుంచి దారిలో ఉన్నాడు. అక్క పడుకునే ఒక్క వరస రాసి, అట్టా పెన్నూ నా వైపు తోసింది. చెయ్యి వణికి గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రెండు అక్షరాలు తప్ప ఏవీ కంటికి ఆనలేదు.

"ఉండక్కా, చూసి చెప్తాను," అన్నాను. అక్క చెయ్యి చాపింది. ఆ చేతిని ఒకసారి నొక్కి, దుప్పటి మీద పెట్టి, అట్టా పెన్నూ పట్టుకుని కిటికీ వెలుగు కోసం వరండాలోకి వెళ్ళాను. ఫోన్లో ఫోటో తీశాను. పెద్దది చేశాను, గీతల నలుపు పెంచాను. తెలిసిన రెండక్షరాలూ రాసి, మిగతా చోట్ల చుక్కలు పెట్టాను. తెలుగుకి అలాంటి వెబ్‌సైట్ ఉందో లేదో నాకు తెలీదు. అందుకని ఇమిడే మాటలు నేనే ఒక్కొక్కటీ పెట్టి చూశాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, ఆ అరగంటా నాకు కాస్త హుషారుగా కూడా ఉంది.

తిరిగి వెళ్ళేసరికి, ఊపిరందక గింజుకుంటోందని అక్కకి మత్తుమందు ఇచ్చేశారు. ఆ తర్వాత కళ్ళు తెరవలేదు. నాలుగో రోజు పోయింది.

నేను చేసింది, రాసినవాళ్ళు ఎదురుగా లేనప్పుడు చేసే పని. అక్క ఎదురుగా ఉంది. "మళ్ళీ రాయక్కా" అంటే సరిపోయేది. ఎవరికైనా ముందు తోచే మాట నాకు తోచలేదు. ఆమె చెయ్యి చాపింది పెన్ను కోసమని, పెట్టెని విమానం ఎక్కించే రోజు గానీ నాకు తట్టలేదు.

బావ ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాడు. అప్పుడప్పుడూ తీసి చూపిస్తాడు. "నీకే తెలీపోతే ఇంకెవరికి తెలుత్తాదిలే," అని పైగా నన్నే ఓదారుస్తాడు. పెన్ను నేనే పట్టుకెళ్ళిపోయానని ఇంతవరకూ అతనికి చెప్పలేదు.